ఎండ పడే మూల

"ఏమయ్యా సెల్సో, ఆ కుర్చీ అక్కణ్ణించి తీసెయ్! మాతకి వీపు పెట్టి వేశావు," అని కింది ఫ్లాటు ఎనెదీనా గుమ్మంలోంచే కేకేసింది.

కాస్త చోటైనా దక్కించుకుందామని వేసిన కుర్చీ అది. సెల్సో దాన్ని మడిచి చంకన పెట్టుకున్నాడు. కుర్చీ అతని భార్య ఆంపారోది. ఆ మూల కూడా నిన్నమొన్నటిదాకా ఆంపారోదే.

మెక్సికో నగరం ఇస్తపలాపా పేటలోని ఆ నాలుగంతస్తుల అపార్టుమెంటులో పొద్దుటి ఎండ పడేది కింద వాకిట్లో ఆ ఒక్క మూలనే. కాళ్ళు పడిపోయిన ఆంపారోని సెల్సో రోజూ వీపున ఎక్కించుకుని మొదటి అంతస్తు నుంచి దించేవాడు. ఆవిడ ఆ ఎండలో కూర్చుని చిక్కుడు గింజల్లో రాళ్ళు ఏరుకునేది. వచ్చేపోయేవాళ్ళని ఆటపట్టించేది. నాలుగు గోడల మధ్య పడి ఉండే మనిషికి అదే లోకం.

తరవాత ఎవరో ఆ మూల ఒక చెత్త సంచీ పెట్టారు. అది చూసి ఇంకొకరు. చిరిగిన పరుపు వచ్చింది, పగిలిన కమోడ్ వచ్చింది. కంపుకి ఆంపారో కూర్చోలేకపోయింది.

సెల్సో ఇంటింటికీ వెళ్ళి బతిమాలాడు. "మేం కాదయ్యా, పై అంతస్తువాళ్ళు" అన్నారు అందరూ. అన్నిటికంటే పై అంతస్తువాళ్ళూ అదే మాటన్నారు. 'ఇక్కడ చెత్త వేయరాదు' అని బోర్డు రాసి మేకుకి తగిలిస్తే, ఆ మేకుకే ఒక సంచీ తగిలించి పోయారు. ఫ్లాట్ల సంఘం అధ్యక్షుడు రుతీలియో మీటింగులో మాట్లాడదామన్నాడు. ఆ మీటింగుకి సెల్సో ఒక్కడే వెళ్ళాడు.

అలా ఉండగా ఒకరోజు తెల్లారేసరికి ఆ మూల గ్వాదలూపే మరియమాత వెలిసింది. మూరెడు విగ్రహం, కళగల ముఖం. తల్లిని కింద నుంచి మోస్తున్న చిన్న దేవదూతకి మాత్రం ఒక రెక్క లేదు. ఎవరు తెచ్చారంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తనంతట తానే వచ్చిందని ఎనెదీనా తేల్చేసింది.

ఆ రోజే చెత్త మాయమైంది. ఇన్నాళ్ళూ మేం కాదన్నవాళ్ళే గప్‌చుప్‌గా వచ్చి ఎవరి సంచీ వాళ్ళు పట్టుకుపోయారు. సెల్సో మెట్ల మీద కూర్చుని కడుపారా నవ్వుకున్నాడు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సాయంత్రానికి కొవ్వొత్తులు వచ్చాయి, మర్నాటికి గులాబీలు. తరవాత బెంచీలు, రంగు దీపాలు, మైకు. రోజూ జపమాల. పండక్కి మరియాచీ మేళం. పక్క వీధులవాళ్ళు కూడా పిల్లల్ని చంకనేసుకుని రాసాగారు. పైన నీళ్ళ ట్యాంకు మూత గాలికి ఎగిరి పిల్లల మీద పడబోతే దేవదూత అడ్డొచ్చాడనీ, ఆ రెక్క అప్పుడే విరిగిందనీ ఎనెదీనా వాళ్ళకి కథగా చెప్పేది. సెల్సో అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయేవాడు.

ఇవాళ రుతీలియో తాపీమేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. పాలరాతి గద్దె కడతారట. చుట్టూ ఇనప గ్రిల్లట.

సెల్సో ముందుకొచ్చాడు. "గ్రిల్లెందుకు బాబూ? తల్లిని వీధి చివర చర్చికి ఇచ్చేద్దాం. నేనే భద్రంగా మోసుకెళ్తాను. ఈ కాస్త ఎండ మా ముసల్దానికి వదిలెయ్యండి," అని చేతులు పట్టుకున్నాడు.

"తల్లి ఎంచుకున్న చోటయ్యా ఇది. కదపడానికి మనమెవరం?" అన్నాడు రుతీలియో. "పోనీ, తెచ్చినవాళ్ళెవరో వచ్చి అడగమను, ఇచ్చేద్దాం. ఎవరో నీకేమైనా తెలుసా?"

సెల్సో తల తిప్పి చూశాడు. చుట్టూ జనం మోకాళ్ళ మీద ఉన్నారు. కొందరి కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి.

"నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

ఎనెదీనా అందుకుంది. "అసలు ఆంపారోని ఒక్కసారైనా తల్లి దగ్గరికి తెచ్చావా నువ్వు? నేను మోయిస్తానంటే తలుపేసుకుంటివి. లేచి నడిచేస్తుందని భయమా?"

"దానికి చలిగాలి పడదమ్మా," సెల్సో నీళ్ళు నమిలాడు.

"ఎండ కావాలంటాడు, గాలి పడదంటాడు! దేవుడంటే గిట్టదని చెప్పరాదూ?" అని వెనక ఎవరో అన్నారు. అంతా నవ్వారు.

మధ్యాహ్నానికి గ్రిల్లు బిగించేశారు. తాళంచెవి ఎనెదీనా మెడలో శిలువ పక్కకి చేరింది. సెల్సోకి ఏడుపొచ్చినంత పనైంది. ఇక చేసేదేమీ లేదు. మడిచిన కుర్చీ మోసుకుంటూ మెట్లెక్కాడు.

ఆంపారో మంచం మీద శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. కింద నుంచి వినిపిస్తున్న పాటకి పెదవులు కలుపుతోంది.

"ఒప్పుకోలేదా?"

"లేదే. ఇక ఆ మూల మనది కాదు."

"పోనీలే ముసలోడా. ఏడవకు. తల్లికేగా ఇచ్చాం," అంటూ ఆవిడ చెయ్యి చాపి అతని జుట్టు నిమిరింది. తరవాత మంచం పక్కనున్న ఖాళీ గూటి వైపు చూసింది.

"అది సరేగానీ, మన మాత కాళ్ళ దగ్గరి దేవదూతకి విరిగిన రెక్క అతికించడానికి, నువ్విచ్చొచ్చిన ఆ బొమ్మల మరమ్మతువాడికి ఇంకా ఎన్నాళ్ళు కావాలట?"