దారితప్పిన తిట్లు

“తీసెయ్యండి! ముందు ఆ మెసేజ్ తీసెయ్యండి!”

ఫోన్లో ఆమె పెట్టిన కేకకి లాండ్రీలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. చేతిలో కాలుతున్న ఇస్త్రీపెట్టె, దాని కింద ఎవరిదో తెల్లచొక్కా. చటుక్కున పెట్టెను పక్కకు తీసింది కాబట్టి చొక్కా బతికిపోయింది.

“తీసేద్దామనే చూశానోయ్. అప్పటికే అందరూ వినేశారు,” అన్నాడు భర్త. అతను సిటీబస్సు డ్రైవరు. “నీకు పంపబోయాను. వేలు జారి మీవాళ్ళ గ్రూపులో పడింది.”

పుట్టిల్లు ఎంత దూరమో ఆ ఇంటి కబుర్లు ఆమెకంత దగ్గర. అక్కడ గిన్నె జారితే ఇక్కడ చప్పుడు వినిపించేది. ఈమధ్య వినిపిస్తున్నదంతా గిన్నెల చప్పుడే. ఆ ఊళ్ళోనే మేనమామలిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, పెద్దాయన మేడమీద, చిన్నాయన కింద. పెద్ద మామయ్య పూలకుండీలకు పోసిన నీళ్ళు కింద ఆరేసిన చిన్న మామయ్య బట్టల మీద కారాయి. మాటా మాటా పెరిగి, చివరికి ఇద్దరి మధ్యా మాటలే లేకుండా పోయాయి. వచ్చేవారమే చిన్న మామయ్య కూతురి పెళ్ళి. అన్నను పిలవనని తండ్రి, పిలవందే గడప తొక్కనని పెదనాన్న, పెదనాన్న రాకపోతే అసలు పెళ్ళే వద్దని పిల్ల!

ఇన్నాళ్ళూ ఆమె ఇటు ఫోన్ చేసి అటువైపు మంచి, అటు ఫోన్ చేసి ఇటువైపు మంచి చెప్పీ చెప్పీ గొంతు అరగదీసుకుంది. ఇప్పుడేమో ఈయన అగ్గిలో ఆజ్యం పోశాడు. ఆ మెసేజ్ నొక్కింది.

“ఏమోయ్, మీ మామయ్యలిద్దరికీ కలిపి దేవుడు ఒక్క బుర్రే ఇచ్చినట్టున్నాడు,” అంటూ భర్త గొంతు ఖంగుమంది. “అది ఎవరి దగ్గరుండాలన్నదే వీళ్ళ అసలు గొడవేమో! పైనున్నాయనకి కుండీలో నీళ్ళు పొయ్యడం రాదు, కిందున్నాయనకి బట్టలు ఆరేసుకోవడం రాదు. వీళ్ళకోసం ఆ పిల్ల ఏడవడమేంటి? ఇద్దర్నీ ఒక గదిలో తోసి తాళం వేస్తే సరి!”

మొదటి ఫోను అమ్మ దగ్గర్నుంచి. “ఎంతమాట అన్నాడే మీ ఆయన! నా తమ్ముళ్ళని నలుగురిలో పెట్టి ఇలా కడిగేస్తాడా? తల కొట్టేసినట్టయిందే నాకు!” అని ఒకటే ఏడుపు. కూతురు నోరు తెరిచేలోగా పెట్టేసింది.

తరవాత పెద్ద మామయ్య. “అమ్మాయ్! నాకు బుర్ర లేదంటాడా? సరే, పెద్దవాణ్ణి, పడతాను. నా తమ్ముణ్ణి అనడానికి అతనెవరు? వాడికి బుర్ర లేదనే హక్కు ఈ లోకంలో నా ఒక్కడికే ఉంది!”

“తప్పయిపోయింది మామయ్యా...” అనేలోగా టక్కున పెట్టేశాడు. వెంటనే చిన్న మామయ్య.

“మా అన్నయ్యకి నీళ్ళు పొయ్యడం రాదా? ఆ కుండీల్లో పూలెప్పుడైనా చూశాడా మీ ఆయన? ఒక్కో పువ్వు ఇంతింత... ఉండు, ఎవరో తలుపు కొడుతున్నారు.”

అటు గడియ తీసిన చప్పుడు. ఆమె ఫోన్ చెవికి నొక్కుకుంది.

“అన్నయ్యా!”

“విన్నావుట్రా?”

“విన్నాను. ఎంతలేసి మాటలన్నాడో!”

“నిన్ను అలా అంటుంటే నా రక్తం ఉడికిపోయిందిరా.”

“గుమ్మంలో నిలబడ్డావేం, లోపలికి రా. కూర్చో. ఏమే, అన్నయ్యకి కాఫీ!”

అంతలో ఫోన్ ఎవరో లాక్కున్నట్టయి పెళ్ళికూతురి గొంతు గలగల్లాడింది. “వదినా! పెదనాన్న కిందికొచ్చాడు! నాన్న పక్కనే కూర్చున్నాడు! ఇద్దరూ ఒకరు ఆపితే ఒకరు అందుకుని అన్నయ్యని తిడుతున్నారు!”

“తిట్టనీ తల్లీ! నోరారా తిట్టనీ!” అంటూ ఆమె ఎవరి చొక్కాతోనో కళ్ళు తుడుచుకుని, గలగలా నవ్వేసింది. సంగతేమిటో తెలియని వాళ్ళు కూడా ఆమెను చూసి నవ్వేశారు.

సాయంత్రానికి మేనమామలిద్దరి పేరా ఒకే కబురు వచ్చింది: పెళ్ళికి నువ్వు రా, ఆ డ్రైవర్ని కూడా వెంటబెట్టుకు రా, అతని సంగతి ఇక్కడ తేలుస్తాం.

ఆమె ఇల్లు చేరేసరికి భర్త ముఖం నిండా సబ్బు రాసుకుని కుళాయి దగ్గర వంగి ఉన్నాడు.

“మీ నోటిదురుసు ఎలాగో మంచికే వచ్చింది,” అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ. “మామయ్యలు సరే. అమ్మ మాత్రం పాపం చాలా బాధపడింది. ఆవిణ్ణి మీరే బతిమాలుకోవాలి.”

బల్ల మీద అతని ఫోన్ మోగింది. అత్తగారే!

“చేతులు తడిగా ఉన్నాయి, తరవాత నేనే చేస్తాలే!” అన్నాడతను కంగారుగా, కళ్ళు మూసుకునే తడుముకుంటూ.

“తప్పించుకోకండి,” అని ఆమె స్పీకర్ నొక్కి ఫోన్ అతని ముందు పట్టుకుంది.

“అల్లుడుగారూ, మీ నోట్లో పంచదార పొయ్య!” అంది అత్తగారు హుషారుగా. “అన్నీ నేను నేర్పినట్టే తిట్టారు గానీ, మా పెద్ద తమ్ముడి మీసం మీద చెప్పిన ముక్క ఎందుకు వదిలేశారండీ?”