గొర్రెపిల్ల బొమ్మ ఉన్న రికార్డు

'నా రాతలో తప్పులుంటే మన్నించండి. అక్షరాలు వయసు ముదిరాక నేర్చుకున్నాను. రాయడం నిదానం. గొర్రెపిల్ల బొమ్మ ఉండే ఇటలీ రికార్డు ఒకటి కావాలి. మంచం పట్టిన నా బిడ్డ కోసం.'

తెలుగు మాటలే, కన్నడ అక్షరాల్లో. చిక్కబళ్ళాపురం బజారులో పాత రేడియోలు బాగుచేసే శ్రీనివాసప్ప పెదాలు కదుపుతూ చదివాడు. చీటీని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"గొర్రెపిల్లనా! ఏసుసామి పాటలు కదమ్మా అవి. మన ఇండ్లల్లో ఎవరు వింటారు?"

"నా బిడ్డప్పా!" అంది నాగరత్న.

"మెల్లగా చెప్పమ్మా. పక్కంగడోడు లేచి వస్తాడు."

ఆమె సిగ్గుపడి కొంగు సర్దుకుంది. పొద్దున చింతామణిలో బస్సెక్కింది. ఇక్కడ దిగి రోడ్డు దాటుతుంటే లారీ ఒకటి ఆమె చెంగు రాసుకుంటూ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి చేతులు ఊపాడు. ఆమెకు అదేదీ పట్టలేదు.

కూతురు మేఘ, భర్త శ్యామసుందర ఆదివారమైతే బెంగళూరు పాత సామాన్ల సందుల్లో తిరిగేవాళ్ళు. ఎవరూ వినని పాటలు ఏరుకురావడం తండ్రీకూతుళ్ళ పిచ్చి. అలా దొరికినవే ఈ ఇటలీ రికార్డులు. యాభై ఏళ్ళ కిందట అక్కడి కుర్రవాళ్ళు గిటారూ పిల్లనగ్రోవీ పట్టుకుని, పాత పల్లెపదాల బాణీలకు కొత్త హంగులు చేర్చి, దేవుడి మీద పాడినవట. రెండు మూడు వందల ప్రతులకు మించి వేసేవారు కాదట.

"అమ్మా, ఈ దేశంలో ఇది మనింట్లోనే ఉండాది!" అని మేఘ ఎగిరేది.

పాట మొదలైతే నాగరత్న వంటింట్లోకి పోయేది. తర్వాత విందాంలే అనుకునేది.

శ్యామసుందర పోయాడు. ఆ ఏడే నాగరత్నకు పెద్ద జ్వరం వచ్చింది. తగ్గి లేచాక మేఘ పలక కొనుక్కొచ్చింది. "ఇంక నీకు అక్షరాలు రావాల్లమ్మా" అని రోజూ దిద్దించింది.

పదకొండు నెలల కిందట బాగేపల్లి రోడ్డులో మేఘ స్కూటరు మీంచి పడింది. అప్పట్నుంచి మంచం మీదే. కళ్ళు తెరిచే ఉంటాయి. మాట లేదు, కదలిక లేదు. ఇష్టమైనవన్నీ చూపించండి, వినిపించండి అన్నాడు డాక్టరు. నాగరత్న నలభై ఒక్క రికార్డులూ వరసగా వేసింది. ముప్పైనాలుగోదానికి మేఘ చూపుడువేలు దుప్పటి మీద కదిలింది. మూడు తట్లు, ఒక ఆపు, రెండు తట్లు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఆ నల్ల పళ్ళేనికి బూజు పట్టింది. పాడైపోతుందేమోనని నాగరత్న దాన్ని సబ్బునీళ్ళతో కడిగి, అప్పడాలతోపాటు మిద్దె మీద ఆరబెట్టింది. సాయంత్రానికి అదీ అప్పడంలాగే వంకర తిరిగింది. మధ్య కాగితం మీద పేరు కరిగిపోయి గొర్రెపిల్ల ఒక్కటే మిగిలింది.

పందొమ్మిది రోజులుగా ఆ వేలు కదల్లేదు.

ఆమె చెప్పిందంతా విని శ్రీనివాసప్ప వీపు తిప్పి బీరువాలో వెతికాడు. చాలాసేపటికి విసుగ్గా ఇటు తిరిగాడు.

"ఏమ్మా, మూడుసార్లు అడిగినా, పలకవే? దాని అట్ట యాడ పోయిందీ అంటే?"

"అట్ట ఎప్పుడూ లేదప్పా. తెల్ల కాగితంలోనే ఉన్నింది."

అతను మూడు రికార్డులు బల్ల మీద పరిచాడు. ఒక అట్ట మీద రొట్టె, చేపలు. ఒకదాని మీద పిట్టల నడుమ సన్యాసి. ఇంకోదాని మీద తెరిచిన సమాధి.

"గొర్రెపిల్ల ఆ కంపెనీ గుర్తమ్మా, నడిమి కాగితం మీద అది ఉండేవి ఈ మూడే. ఫోన్‌లో వెతికినా దొరికేవి కాదు. పాత రికార్డులు కొనే బెంగళూరు దర్శన్ సారు ఈ డబ్బా మొత్తం నాదే అని చెప్పేసినాడు, వస్తాండాడు. నీ బిడ్డ పేరు చెప్పి ఒకటి పక్కన పెడతా. ఏదో చెప్పు."

మొదటిది వేశాడు. నాగరత్న తిరిగే పళ్ళేన్ని చూసింది, అతని ముఖాన్ని చూసింది.

"ఇదేనా?"

రెండోది. "ఇదా?"

మూడోది. "పోనీ ఇదా?"

ఆమె బల్ల మీద వేలితో కొట్టి చూపింది. మూడు, ఆపు, రెండు.

"తాళం ఎవరైనా వేస్తారమ్మా. రాగం రెండు ముక్కలు గొణుగు, నేను పట్టుకుంటా. దినమూ వేసినావు కదా!"

ఆమె చెయ్యి చాచి స్పీకరు పెట్టెను అందుకోబోయింది.

"ముట్టొద్దు! సూది ఎగిరితే గీత పడ్తాది."

"అంతా చీటీలో రాసినాను కదప్పా."

"చదివినాను లేమ్మా. పాపం అనిపించే కదా ఇన్ని వేసింది. పాట నీకే తెలీకుంటే నేనేం చేయాల్ల?"

చదివి కూడా ఇలా అంటున్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

శ్రీనివాసప్ప గబుక్కున రోడ్డు వైపు తిరిగాడు. ఆమె కూడా చూసింది. కారు. దర్శన్ దిగుతున్నాడు.

"తొందరగా చెప్పమ్మా. ఏది?"

నాగరత్న సన్యాసి బొమ్మను చూపింది. ఎందుకో ఆమెకే తెలియదు. మిగతా రెండూ డబ్బాలోకి పోయాయి. డబ్బా కారులోకి పోయింది. కారు మలుపు తిరిగింది.

"ఇదో, నీ చీటీ కూడా" అని శ్రీనివాసప్ప రికార్డుతోపాటు చేతిలో పెట్టాడు.

బస్సు కదిలాక ఆమె చీటీ చూసుకుంది. దారిలో ఎవరి కంటా పడకూడదని పొద్దున తను అన్నం మెతుకుతో అంటించిన కింది మడత అంటించినట్టే ఉంది. గోటితో విప్పింది. తన అక్షరాలే, వంకరటింకరగా:

'నాకు చెవులు వినపడవు, స్పీకరు పెట్టె మీద చెయ్యి పెట్టనిస్తే పాట గుర్తుపడతాను — నాగరత్న, అరవై రెండేళ్ళు, ఇప్పుడు ఉండేది చింతామణి.'