బంతీ బల్లా వద్దు

ప్రిపొజిషన్ల పాఠమంటే పిల్లలకు కొరకరాని కొయ్య. ‘ఇన్’ అనాల్సిన చోట ‘ఆన్’, ‘ఆన్’ అనాల్సిన చోట ‘ఎట్’ పెట్టి ఇంగ్లీషును ముప్పుతిప్పలు పెడుతుంటారు. అందుకే టీచరు తనదంటూ ఒక పద్ధతి పెట్టుకుంది. బల్ల మీద బంతి, బల్ల కింద పిల్లి అంటూ పుస్తకంలోవి వల్లిస్తే ఊరుకోదు. ఎవరు కళ్ళారా చూసింది వాళ్ళు చెప్పాలి.

చెప్పులు గుమ్మం బయట ఉన్నాయని ఒకడు, తాతయ్య కళ్ళజోడు ఫ్రిజ్‌లో ఉందని ఇంకొకడు చెప్పారు. క్లాసంతా ఒకటే నవ్వులు. చివరికి వెనక బెంచీ అమ్మాయి వంతు వచ్చింది. ఎప్పుడూ నోరు విప్పదని ఆమెకు అందరూ ‘మూగనోము’ అని పేరు పెట్టారు.

లేచి, తల దించుకునే చెప్పింది.

"ద మ్యాన్ ఈజ్ ఎట్ ద డోర్. ద బెల్ట్ ఈజ్ ఇన్ హిజ్ హ్యాండ్. ద ఉమన్ ఈజ్ బిహైండ్ ద కర్టెన్."

ఒక్క తప్పు లేదు. మెచ్చుకోవాల్సిన టీచరు బోర్డు వైపు తిరిగింది. చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది. గంట కొట్టేదాకా ఏం చెప్పిందో ఆమెకే తెలియదు.

క్లాసవగానే అమ్మాయిని ఖాళీగా ఉన్న స్టాఫ్‌రూమ్‌లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరకు వేసింది. ఇందులో తలదూర్చాలా వద్దా అని కాసేపు ఊగిసలాడింది. చూసీ చూడనట్టు ఊరుకుంటే ఆ ఇంట్లో ఆడమనిషి ఏమైపోతుందోనని భయమేసింది.

"భయపడకు బంగారం. తరచూ ఇంతేనా?"

"చాలాసార్లు చూశాను టీచర్. ఆవిడ అరవరు. అలా నిలబడిపోతారు."

అమ్మ అనడానికి కూడా పిల్లకు నోరు రావడం లేదని టీచరు కళ్ళు చెమర్చాయి.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే ఆవిడ పరువు పోతుందేమోనని..."

"పరువు పోవాల్సింది కొట్టేవాడిది, దెబ్బలు తినేవాళ్ళది కాదు. ఇలా గుట్టుగా దాచుకుంటూ పోతే ఏదో ఒకరోజు ప్రాణం మీదికొస్తుంది. రేపు మీ అమ్మను తీసుకురా. నేను మాట్లాడతాను. పోలీసుల దగ్గరికైనా సరే, వెంట వెళ్తాను."

అమ్మాయి మొదటిసారి తలెత్తి టీచరు ముఖంలోకి చూసింది.

"మా అమ్మ కూడా మీతో ఇదే మాట చెప్పాలంటోంది టీచర్, మేం కొత్తగా దిగిన వాటా కిటికీ సరిగ్గా మీ పడగ్గదికి ఎదురుగా ఉంది."