కోట పీరుకు పులిహోర

“చెప్పులు ఈడ్నే ఇడువమ్మా. పైన ముండ్లున్నయి గానీ, పీర్ సాబు కాడికి ఒట్టి కాళ్లతోనే పోవాలె.”

గుట్ట కింద వేపచెట్టు నీడలో కూర్చుని సయీదా బేగం చెప్పింది. ఆమె పని చెప్పుల కాపలా. కాపలా అన్న మాటే గానీ, ఆ వృద్ధురాలి ముందు ఒక్క జత కూడా లేదు. పోలీసులూ అడవిలోని నక్సలైట్ అన్నలూ ఒకరినొకరు వెతుక్కుంటున్న ఈ రోజుల్లో, పాడుబడ్డ కోట చూసేందుకు ఎవరొస్తారు?

ఊర్మిళ వచ్చింది. జగిత్యాలలో బస్సెక్కి, మల్యాల దగ్గర పోలీసులు సంచి సోదా చేస్తే చేయించుకుని, ఒక్కతే వచ్చింది.

“కొత్తగ అచ్చినట్టున్నవు దొరసానీ.”

“గట్ల పిలువకవ్వా. గా రోజులు పోయినయి.”

నిజంగానే పోయాయి. ఆమె భర్త హనుమంత రావు అన్నలకు భయపడి, ఊళ్లో తాతల నాటి దొరల బంగ్లా, ఆ గడీకి తాళం వేసి, జగిత్యాలలో అద్దె ఇంట్లో కాపురం పెట్టాడు. ఆ మరుసటి ఏడే కాలేజీకని వెళ్లిన ఒక్కగానొక్క కొడుకు భాస్కర్ ఆ అన్నల్లోనే కలిసిపోయాడు. అడిగినవాళ్లకు బొంబాయిలో నౌకరీ అని చెబుతున్నారు. ఇంట్లో వాడి పేరెత్తకూడదని హనుమంత రావు హుకుం.

పోయిన నెల పేపర్లో ఎన్‌కౌంటర్ వార్త పడింది. చనిపోయినవాళ్ల పేర్లు తెలియవని రాశారు. హనుమంత రావు పేపరు మడిచి అటక మీదకు విసిరేశాడు. ఊర్మిళకు మాత్రం అప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు. కొండగట్టు వెళ్లింది, ధర్మపురి వెళ్లింది, వేములవాడ వెళ్లింది. వాడు ఇంటికి రావాలని కోరుకోవడం కూడా మానేసింది. బతికున్నాడని తెలిస్తే చాలు.

“సంచీల ఏమున్నది?” అని అడిగింది సయీదా.

“హనుమాండ్లకు కొబ్బరికాయ. పీర్ సాబుకు పూలు, అగరొత్తులు.”

“డబ్బాల?”

“నేను తినేటందుకు పులిహోర.”

“గదే పెట్టు. పూలు ఎండిపోతయి. పీర్ సాబుకు బువ్వంటెనే ఇష్టం.”

ఊర్మిళకు నవ్వొచ్చింది. ఎన్నాళ్లయిందో నవ్వి. తిండి మీద ఇంత మోజున్న పీరును ఆమె ఎక్కడా చూడలేదు. అయినా డబ్బాలో ఇద్దరికి సరిపడా ఉంది. ఎక్కడికి బయల్దేరినా చెయ్యి అలవాటు కొద్దీ ఇద్దరికి కట్టేస్తుంది. భాస్కర్‌కు పులిహోరంటే ప్రాణం, అందులో కరివేపాకంటే పగ. ఒక్కో ఆకూ ఏరి డబ్బా మూత లోపల గుండ్రంగా అంటించేవాడు. “తింటే కండ్లకు మంచిదిరా” అని తిట్టేది. ఇప్పుడు ఇంట్లో మిగిలిన మనిషి ఏది పెట్టినా మాట్లాడకుండా తిని లేస్తాడు. తిట్టడానికి కూడా ఎవరూ లేరు.

“ఇగ మంచిగ ఇను,” అంది సయీదా. “దర్వాజ కాడ హనుమాండ్ల గుడి ఉన్నది. ముందుగాల గంట కొట్టు, గట్టిగ. లోపట ఎలుగుగొడ్లు తిరుగుతయి, సప్పుడైతే తొలుగుతయి. డబ్బా సమాధి మీద పెట్టి మొక్కు చెప్పుకో. మనసుల అనుకుంటే కాదు, నోరిడిచి, పేరు పెట్టి చెప్పాలె. పీర్ సాబుకు చెవుడు.”

“సరే అవ్వా.”

“చెప్పినంక ఎనుకకు మర్రి సూడద్దు. ఏ సప్పుడైనా సూడద్దు. సూస్తె మొక్కు దక్కది. గుడికాడికచ్చి కొబ్బరికాయ కొట్టి, జరసేపు కూసో. మళ్ల గంట కొట్టి పోయి డబ్బా తెచ్చుకో. మూత మాత్రం ఇంటికి పోయినంకనే తియ్యి. పొద్దుగూకకముందే దిగాలె.”

ఊర్మిళ మెట్లెక్కింది. ముళ్లు గుచ్చుకున్నా ఆగలేదు. గంట కొట్టి లోపలికి నడిచింది. సగం కూలిన గోడల మధ్య, వెలిసిపోయిన ఆకుపచ్చ చాదరు కింద సమాధి. చుట్టూ మనిషి అలికిడి లేదు. డబ్బా పెట్టి చేతులు జోడించింది. కొడుకు పేరు పైకి అని ఎంత కాలమైందో.

“నా కొడుకు భాస్కరు యాడున్నడో తెల్వది. ప్రాణాలతోని ఉన్నడని ఒక్క గుర్తు చూపియ్యి సామీ. ఇంకేం అడుగ.”

గట్టిగానే అంది. కూలిన గోడలు ఆ పేరును మళ్లీ ఆమెకే వినిపించాయి. ఏడుపు ఆగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని వెనుదిరిగి నాలుగడుగులు వేసిందో లేదో, వెనక రాయి జారిన చప్పుడైంది. ఎవరో ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది. ఎలుగేమో! మెడ తిరగబోయింది. కొడుకు గుర్తొచ్చి పళ్లు బిగించింది. చూస్తే మొక్కు దక్కదు. అడుగు తర్వాత అడుగు వేసి గుడి దాకా వచ్చి పడింది.

కొబ్బరికాయ కొట్టి, కాసేపు కూర్చుని, గంట కొట్టి వెళ్లేసరికి డబ్బా సమాధి మీదే ఉంది. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది.

కింద సయీదా చెప్పులు అందించింది. “మర్రి సూడలేదు గద?”

“సూడలేదవ్వా.”

“మంచిగ చేసినవు,” అంది ముసలామె, ఎటో చూస్తూ.

తిరుగు బస్సులో నలుగురు కూడా లేరు. కిటికీలోంచి కోట గుట్ట చిన్నదవుతూ పోయింది. ఇంటికి వెళ్లాక తీయమంది అవ్వ. కానీ ఇంట్లో ఆయన ముందు డబ్బా తీస్తే, ఎక్కడికి పోయావని అడుగుతాడు. ఏం చెబుతుంది?

గట్టిగా నొక్కి ఉన్న మూతను గోళ్లతో లాగి తీసింది. లోపల ఒక్క మెతుకు కూడా లేదు. కోతులు తినేసి ఉంటాయి. ఇక్కడా ఏ గుర్తూ దొరకలేదు. కళ్లు తుడుచుకుని, మళ్లీ పెట్టేద్దామని మూతను వెనక్కి తిప్పింది.

మూత లోపల కరివేపాకులు గుండ్రంగా అంటించి ఉన్నాయి.