వాకిట్లో అడిగిన మాట

ట్యూబులో రంగు తేలింది. జలజ నమ్మలేక ఇంకోసారి పరీక్ష పెట్టింది. మళ్ళీ అదే రంగు.

బద్దెపురుగు తలలోకి చేరిందో లేదో, మూర్ఛలు మొదలు కాకముందే రక్తంలో కనిపెట్టాలని కోలారు జిల్లాలో తంటాలు పడుతున్న బృందం వాళ్ళది; రంగు తేలిందంటే పురుగు జాడ ఉన్నట్టే. ఊళ్ళవాళ్ళ రక్తం పక్కన, పోల్చి చూడడానికి జబ్బులేని మనుషుల రక్తం కూడా పెట్టుకుంటారు. సరిగా ఉడకని పంది మాంసంతో ఒకరి కడుపులోకి పురుగు చేరితే, దాని గుడ్లు కడగని చేతినుంచి అన్నంలోకి, అక్కణ్ణుంచి ఇంకొకరి మెదడుకు చేరతాయి. అందుకే ఇంటిల్లిపాదినీ అడగాలి.

ఆ అడిగే పని జలజది. మనసు మంచిదే గానీ గొంతు పెద్దది. పోయిన వారం కామసముద్రంలో దొడ్డమునియప్ప వాకిట్లో నిలబడి, ఇంట్లో ఎవరైనా పంది మాంసం తింటారా అని వీధంతా వినేలా అడిగింది. ఆయన కూతురి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు అప్పుడు అరుగుమీదే ఉన్నారు. కాఫీ ముట్టకుండా లేచిపోయారు.

“అడిగేదేదో లోపలికొచ్చి, తలుపు మూసి అడగొచ్చు కదమ్మా,” అన్నాడాయన. తిట్టి ఉంటే బాగుండేది. చెయ్యి చాపి రక్తం కూడా ఇచ్చాడు.

ఇప్పుడది తలుచుకుంటే జలజకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతోంది.

ట్యూబు మీద నంబరు చూసి, బృందానికి పెద్ద అయిన డాక్టరు శంకరనారాయణ జలజ వైపు కుర్చీ జరిపాడు.

“ఫిట్స్ రాకముందే దొరికింది, అదే మేలు. స్కాన్ తీయించాల. ఇంట్లో మాత్రం నువ్వే అడగమ్మా, ఇంగెవురడిగినా బాగుండదు.”

బస్సు దిగి ఆ ఇల్లు చేరేసరికి పొద్దు గూకింది. ఊరూరా గడగడా అడిగిన ప్రశ్ననే ఇక్కడా అడగాలని వచ్చి, జలజ వాకిట్లోనే ఆగిపోయింది. అడగకపోతే ఆ ఇంట్లో ఇంకెవరి తలలోకి పాకుతుందో.

ఎదురింటి రామక్క బిందెతో ఆగి చూసింది. “ఏమమ్మా, అట్ల నిలబడిపోతివి?”

ఏం లేదని జలజ లోపలికి నడిచింది.

వీధి తలుపు మూసి, సంధ్యావందనం ముగించి లేస్తున్న తండ్రిని మెల్లగా అడిగింది: “నాన్నా, జబ్బులేని రక్తమని నేనిచ్చిన ట్యూబులోనే బయటపడింది, మనింట్లో ఎవరైనా పంది మాంసం తింటారా?”