తమ్మీ, నల్లా!

నల్గొండలో ఆ కాలనీకి దినం తప్పి దినం నల్లా వస్తుంది. ఏ వేళకు వస్తుందో నీళ్లు వదిలేవాడికి కూడా తెలియదు.

కాలనీకి వాట్సాప్ గ్రూపుంది. "నల్లా వచ్చిందా?" అని అడిగితే గులాబీ పువ్వుతో శుభోదయం వస్తుంది. నీళ్లొచ్చినవాడు చెప్పడు. చెబితే అందరూ మోటార్లు వేస్తారు, అతని సంపు నిండదు.

చెప్పేది మెర్సీ ఒక్కతే.

కాలనీ మొదట్లో రేకుల ఇంట్లో ఉండే పుల్లమ్మ బిడ్డ. పుల్లమ్మ ఒకప్పుడు కాన్పుల దవాఖానలో ఆయా. మెర్సీకి నలభై దాటాయి. పొట్టి మనిషి, చిన్న కళ్లు, తిరగని నాలుక. పల్లంలో ఉన్న వాళ్ల నల్లాకే ముందు నీళ్లొచ్చేవి. రాగానే ఆమె వీధంతా గేట్లు కొట్టుకుంటూ పోయేది.

"సార్, నల్లా! సార్, నల్లా!"

విజేందర్ గేటు దగ్గర మాత్రం, "తమ్మీ, నల్లా!"

విజేందర్ కాలేజీ లెక్చరర్. కూరగాయలమ్మే ఆమె నుంచి బస్సు కండక్టరు దాకా ఈ జిల్లాలో అందరూ తమ్మీ అనే పిలుస్తారు. అందుకే అతను పట్టించుకోలేదు. బదులూ పలకలేదు. మోటారు మాత్రం వేసుకునేవాడు.

మెర్సీ గొంతు వినబడగానే అతని తల్లి సావిత్రమ్మ లోపలికెళ్లి టీవీ సౌండు పెంచేది.

పెళ్లయిన చాలా ఏళ్లకు విజేందర్ భార్య రజిత నీళ్లోసుకుంది. బిడ్డ కడుపులో ఉండగానే విజేందర్ ఐఐటీ కోచింగు ఉన్న బడి చూసి వచ్చాడు. సావిత్రమ్మ పంచాంగంలో గ్రహణాలు చూసింది.

"గా మెర్సీ మొఖం చూస్తే కడుపుల పిల్లకు గదే వస్తదిరా. దాన్ని గేటు కాడికి రానియ్యకు."

విజేందర్ చదువుకున్నవాడు. అయినా బయటికెళ్లాడు.

"ఇగ మా గేటు కొట్టకు. సమజైందా?"

"తమ్మీ, నల్లా?"

"నల్లా లేదు గిల్లా లేదు. నడువ్!"

మళ్లీ నల్లా వచ్చిన రోజు ఆమె గేటు కొట్టలేదు. రోడ్డుకు అవతల నిలబడి, గేటు కొట్టినట్టు గాలిలో చెయ్యి ఆడించింది. కిటికీలోంచి చూసి రజిత నవ్వింది. సావిత్రమ్మ పరదా లాగేసింది.

కొన్నాళ్లకు ఆ చెయ్యి కూడా కనబడలేదు. విజేందర్ ఇంట్లో సంపు ఎండింది. ట్యాంకరు తెప్పించుకున్నాక తెలిసింది, మెర్సీ చనిపోయిందని. పుట్టుకతోనే గుండెలో రంధ్రమట.

గ్రూపులో అందరూ దండం బొమ్మలు పెట్టారు. వాటి కిందే ఎవరో అడిగారు: "ఇంతకీ నల్లా వచ్చిందా?"

రజితకు ఆడపిల్ల పుట్టింది. చిన్న కళ్లు. మెత్తటి మెడ.

పాపకూ, తల్లిదండ్రులకూ పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది.

"డౌన్ సిండ్రోమ్ అంటరు. ఇరవై ఒకటో క్రోమోజోము రెండే ఉండాలె. పాపకు మూడోది వచ్చింది."

"నేను ముందే అన్న! గా మొఖం చూసుడుతోనే..." అంది సావిత్రమ్మ.

"మొఖాలు చూస్తే రాదమ్మా. మామూలుగ అయితే వంశంల నుంచి గూడ రాదు. కాని మీ పాపకు ఆ మూడోది ఇంకో క్రోమోజోముకు అతుక్కొని ఉంది. అది విజేందర్ గారి నుంచే వచ్చింది. ఆయనల అతుకున్నా లెక్క సరిపోయింది, అందుకే ఏం గాలే. విజేందర్ గారూ, మీ తోడబుట్టినోళ్లల్ల ఎవరికన్న ఇట్ల ఉందా?"

విజేందర్ నోరు తెరిచేలోపే సావిత్రమ్మ అందుకుంది.

"వీడొక్కడే నాకు. మా ఖాందాన్ల గసుంటోళ్లు లేరు."

"సరే. పాపకు గుండె పరీక్ష జేయించాలె. నేర్పితే నేర్చుకుంటది. కాకపోతే నిదానంగ."

"నిదానంగ అంటే మేడం, ఇంటర్ వరకన్న అందుకుంటదా?" అడిగాడు విజేందర్.

ఇంటికొచ్చిన కొద్దిరోజులకు సావిత్రమ్మ పాపను మెత్తటి పాత చీరలో చుట్టింది.

"పుల్లమ్మ తోని నూనె వెట్టిచ్చి నీళ్లు వోయిస్తం," అంది కోడలితో.

కుట్లు నొప్పి పెడుతుంటే రజిత మంచం మీంచే చెప్పింది. "జల్ది తీస్కరండి అత్తమ్మా. పాలకు లేస్తది."

విజేందర్ కారు నడిపాడు. అతను కూడా స్నానానికే అనుకున్నాడు.

రేకుల ఇంట్లో మెర్సీ ఫొటో ముందు కొవ్వొత్తి వెలుగుతోంది. సావిత్రమ్మ పాపను పుల్లమ్మ ఒళ్లో పెట్టింది.

"పుల్లమ్మా, దీన్ని గూడ నువ్వే సాదుకో."

విజేందర్ తల తిప్పాడు.

"దీన్ని గూడ ఏందమ్మా?"

సావిత్రమ్మ సౌండు పెంచడానికి టీవీ కోసం చూసింది. ఆ ఇంట్లో టీవీ లేదు.

పుల్లమ్మ పాప నుదురు నిమిరి, లేచి, విజేందర్ చేతుల్లో పెట్టింది.

"నాకు శాతగాదిగ. ఒకదాన్ని మట్టిల వెట్టిన చేతులివి. అందర్ని సార్ అన్నది, నిన్నొక్కన్నే తమ్మీ అన్నది. ఎందుకో ఎన్నడన్న అడిగినవా సారూ?"

విజేందర్ పాపతో వచ్చి కారులో కూర్చున్నాడు. వెనక సీట్లోంచి సావిత్రమ్మ ధైర్యం చెప్పింది.

"ఫికర్ జేయకు బిడ్డా. ఇంకెవరన్న దొరుకుతరు."

బయట పుల్లమ్మ నల్లా బుస్సుమంది. వీధిలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

అతనింకా తాళం తిప్పలేదు. ఇంటి దగ్గర రజిత పాలతో ఎదురుచూస్తోంది. అయ్యా, అమ్మా, ఎవరికైనా తెలిస్తే దండం పెడతాను, చెప్పండి: ఇన్నేళ్లూ గేటు బయట నిలబడి పిలిచిన సొంత అక్కకు ఆ తమ్ముడు ఇప్పుడు ఎక్కడికెళ్లి బదులు పలకాలి?