రేడియోకు తగిన చోటు

ఆరో తరగతి లెక్కల టీచర్ బల్ల సొరుగులో ఒక పటం ఉంటుంది. ఎనిమిది బెంచీలు, బెంచీకి నలుగురు, మొత్తం ముప్ఫై రెండు గళ్లు. పేర్లన్నీ పెన్సిల్‌తోనే రాసింది. ఎవరినైనా ఎప్పుడైనా కదపవచ్చు. ఆ సంగతి పిల్లలకూ తెలియాలని, అప్పుడప్పుడు పటం తీసి, రబ్బరు చేత్తో పట్టుకుని, క్లాసంతా ఒకసారి కలయజూస్తుంది.

ఆ రబ్బరు ఎక్కువగా అరిగింది ఒకే ఒక్క పేరు మీద.

ఆ పిల్లను అందరూ రేడియో అంటారు. లెక్క అందరికంటే ముందు చేసేస్తుంది. చెయ్యి ఆగగానే నోరు మొదలవుతుంది.

ఒకరోజు హెడ్మిస్ట్రెస్ టీచర్‌ని గదికి పిలిచింది.

"మీ క్లాసులో తొమ్మిదిమంది తప్పారమ్మా. వచ్చే పరీక్షలో ముగ్గురికి మించి తప్పితే వాళ్లని విడదీసి మెట్ల కింద గదిలో కూర్చోబెడతాను. వేరే టీచర్ని చూస్తాను."

"ఒక్క నెల ఆగండి మేడమ్."

"నెలలో ఏం చేస్తారు?"

"కూర్చునే చోట్లు మారుస్తాను."

హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు పైనుంచి చూసింది. "చోటు మారిస్తే రాత మారుతుందా?"

టీచర్ ఈ సంగతి క్లాసులో దాచకుండా చెప్పింది. తొమ్మిది తలలు వంగాయి. మిగతా ఇరవైమూడు తలలు ఆ తొమ్మిదింటివైపు తిరిగాయి.

రేడియో చెయ్యెత్తింది. "టీచర్, నేను కిటికీ బెంచిలో కూర్చోనా?"

"ఎందుకు, దారినపోయేవాళ్లతో కూడా కబుర్లు చెప్పడానికా? ఎవరెక్కడ కూర్చోవాలో నేను చూసుకుంటాలే. నువ్వు కూర్చో."

అంతటితో ఊరుకోకుండా తన సూత్రం కూడా చెప్పింది. వాగుడుకాయలకు మందు నోరు మెదపనివాళ్ల పక్కన చోటు. ఎవరు వాగితే వాళ్లు ఆ పూట బుద్ధిగా ఉన్న బెంచికి సంచీ మోసుకుపోయి, వారమంతా అక్కడే ఐదోవాళ్లుగా ఇరుక్కోవాల్సిందే.

సోమవారమే ఆ అవసరం వచ్చింది. రేడియో అందుకుంది. టీచర్ రెండుసార్లు బల్ల మీద స్కేలుతో కొట్టింది. లాభం లేదు. బుద్ధిమంతుల కోసం గదంతా వెతికింది. రోజూ చేపల బజారులా ఉండే కిటికీ బెంచి, ఏ మూడ్‌లో ఉందో, ఆ రోజు చేతులు కట్టుకుని కూర్చుంది.

"నడు, కిటికీ దగ్గరికి."

రేడియో మొహం వేలాడేసింది. "వాళ్లసలు మాట్లాడరు టీచర్."

"అందుకే."

రెండు రోజులకే రేడియో గొంతు గుసగుసలోకి దిగింది. "ఏమిటా గుసగుసలు?" అంటే, "ఏం లేదు టీచర్, లెక్కే" అంది. దొరికిపోయినవాళ్లు చెప్పే మొదటి మాట అదేనని టీచర్‌కి తెలియదా? అయినా గొంతు తగ్గింది కదా అని వదిలేసింది.

పై సోమవారం మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి చివరి బెంచి మూగనోము పట్టినట్టుంది. రేడియోని అక్కడ పడేసింది. ఆ తర్వాత వారం తలుపు బెంచి. ఆ పైన నడిమి బెంచి. ప్రతిసారీ రేడియో కాళ్లీడ్చుకుంటూనే వెళ్లింది.

"మీ రేడియోకి ఈ వారం ఏ స్టేషనండీ?" అని స్టాఫ్ రూములో సైన్సు మాస్టారు వేళాకోళం చేశాడు.

"నవ్వండి మాస్టారూ. పరీక్షయ్యాక నవ్వేది నేనే."

ఆ ఉత్సాహంతో ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూడా అందరి చోట్లూ మార్చింది. పిల్లలు మారారు, మొగుడు మారాడు. అత్తగారు మాత్రం, "నేనేం గొడవ చేశానే?" అని కుర్చీలోంచి కదలలేదు.

పరీక్ష అయింది. తొమ్మిదిమందిలో తప్పింది ఇద్దరే. ఇద్దరూ గోడ బెంచివాళ్లు.

హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు తీసి తుడుచుకుని, మార్కుల కాగితం మళ్లీ చూసింది.

"ఆ ఇద్దరి సంగతి వచ్చే పరీక్షలో చూద్దాం. మెట్ల కింద గదికి తాళం వేయించేస్తాను. శనివారం టీచర్లందరికీ మీ పద్ధతి చెప్పాలి. ఆ పిల్లని ఏ తేదీన ఎక్కడికి మార్చారో వివరంగా రాసుకురండి."

టీచర్ గాల్లో తేలుతూ బయటికొచ్చింది. సొరుగు తీశాక నేలమీద పడింది. చెరిపి చెరిపి రాసిన పటంలో తేదీలెక్కడుంటాయి?

ఆ మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా తెప్పించిన రఫ్ పుస్తకాలు సాయంత్రం దిద్దుతూ కూర్చుంది. రేడియో పుస్తకం చివరి పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. తేదీ, బెంచి, పక్కన సన్నటి అక్షరాల్లో ఏదో గిలుకుడు. మొత్తం ఐదు వరుసలు. వరుసకో తీరుగా ఉంది రాత. కుదురులేని పిల్లకు దస్తూరీ మాత్రం ఎలా కుదురుతుందిలే అనుకుంది.

మనసు కరిగింది. పాపం, ఎన్నిసార్లు సంచీ మోయించానో లెక్క రాసుకుంది పిల్ల. శనివారం దీని పేరు కూడా చెప్పాలి.

కాగితం తీసి, ఈసారి పెన్నుతోనే, తేదీలూ బెంచీలూ ఎక్కించడం మొదలుపెట్టింది. కిటికీ బెంచి, చివరి బెంచి, తలుపు బెంచి, నడిమి బెంచి. అన్నీ తను మార్చిన సోమవారాలే, ఒక్క రోజు కూడా తేడా లేదు.

ఐదో వరుస ఎక్కించబోతే అది ఇంకా రాని సోమవారం తేదీ, పక్కనే ఇలా ఉంది: "గోడ బెంచి, దశాంశాలు. మేం నలుగురం కిక్కురుమనం, నువ్వు రెండో పీరియడ్ నుంచి గట్టిగా వాగు, టీచరే తెచ్చి కూర్చోబెడుతుంది."